ఐషే నివేదిక: ఫారం నింపేవాడి రివ్యూ

డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. దానికి తోడు ఐషే నోడల్ ఆఫీసర్ పని కూడా నా నెత్తినే ఉంది. ఐషే అంటే ఆలిండియా సర్వే ఆన్ హయ్యర్ ఎడ్యుకేషన్, దేశంలోని కాలేజీలు, యూనివర్సిటీల నుంచి విద్యార్థుల వివరాలు సేకరించే కేంద్ర విద్యాశాఖ సర్వే. మా కాలేజీ తరఫున ఆ ఫారం నింపేది నేనే. ఫారం సబ్మిట్ అయి, సర్టిఫికెట్ ప్రింట్ తీసి ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టాక మళ్లీ ఆ సైట్ మొహం చూసేవాళ్లు తక్కువ. నాకు మాత్రం నివేదిక వచ్చిందంటే చివరి పట్టికల దాకా చదివే అలవాటు. ఇప్పుడు చెప్తున్నది 2021-22 నివేదిక గురించి. బయటికొచ్చింది 2024 జనవరిలో. అంటే అందులో ఫస్టియర్ అని లెక్కపడ్డ పిల్లలు అప్పటికి ఫైనలియర్‌లో ఉన్నారు.

ముందు ఫారం సంగతి. 2020-21 నుంచి మొత్తం వెబ్‌లోనే నింపుతున్నాం. అంతకుముందు పీడీఎఫ్ దించుకుని, నింపి, మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. ఆ బాధ పోయింది. కానీ కొత్తవాళ్లు తడబడేది ఇప్పటికీ ఒక్కచోటే. ప్రతి కేటగిరీ కింద ‘మొత్తం’, ‘అమ్మాయిలు’ అని గడులుంటాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి గడిలో అబ్బాయిల సంఖ్య కొట్టేస్తుంటే ఆపాను. "మరి అబ్బాయిల గడి ఏది సార్?" అన్నాడు. లేదు బాబూ, తీసేస్తే వచ్చేదే అబ్బాయిలు. దివ్యాంగులు, ముస్లిం మైనారిటీ వరసలూ అంతే. అవి మొత్తంలో భాగాలు, పైన కలిపేవి కావు. మన దగ్గర బీసీల్లో ఏ నుంచి ఈ దాకా ఐదు గ్రూపులుంటే అక్కడ ఉన్నది ఒక్క ఓబీసీ గడి. బీసీ-ఈ (కొన్ని ముస్లిం వర్గాల గ్రూపు) అమ్మాయి ఒకామె ఓబీసీ గడిలోనూ ఉంటుంది, ముస్లిం మైనారిటీ వరసలోనూ ఉంటుంది. ఈ విషయం తెలియకుండా పట్టికలోని అంకెలన్నీ కూడేస్తే పిల్లలు కాలేజీలో ఉన్నవాళ్లకంటే ఎక్కువైపోతారు.

ఇక నివేదిక. అందరి నోళ్లలో నానే అంకె 4.33 కోట్లు. దాన్ని ‘ఆ ఏడాది కాలేజీల్లో చేరినవాళ్లు’ అని రాసేస్తుంటారు. అది ఎన్‌రోల్‌మెంట్, అడ్మిషన్లు కాదు. అన్ని సంవత్సరాల పిల్లలూ, దూరవిద్యవాళ్లూ కలిసిన తల లెక్క అది. బీకామ్‌లో ఏటా అరవై మంది చేరి, ఎవరూ మానకపోతే ఎన్‌రోల్‌మెంట్ 180. అదే అరవై మంది బీటెక్‌లో చేరితే నాలుగేళ్ల కోర్సు కాబట్టి 240 చూపిస్తుంది. కోర్సుల మధ్య గిరాకీ పోల్చేవాళ్లు ముందు ఏళ్లతో భాగించుకోవాలి. ఆ నివేదికలోనే డిగ్రీ స్థాయిలో ఆర్ట్స్ వాటా 34.2 శాతం, ఇంజినీరింగ్ 11.8 శాతం. మన ఊళ్లల్లో ఫ్లెక్సీలు చూస్తే నమ్మబుద్ధి కాదు. నాలుగేళ్ల సంగతి గుర్తుపెట్టుకుంటే కొత్తగా చేరేవాళ్లలో ఇంజినీరింగ్ వాటా ఇంకా తక్కువే ఉండాలి.

నాకు ఒళ్లు మండేది జీఈఆర్ (గ్రాస్ ఎన్‌రోల్‌మెంట్ రేషియో) దగ్గర. 18-23 ఏళ్ల జనాభాలో ప్రతి వందమందికీ ఎందరు పైచదువుల్లో ఉన్నారన్న లెక్క ఇది. 2019-20కి అప్పటి నివేదిక 27.1 అంది. తర్వాతి నివేదిక అదే ఏడాదికి 25.6 అంది. పిల్లలెవరూ మాయం కాలేదు. కింద భాగించే జనాభా 2001 జనగణన అంచనాల నుంచి 2011 జనగణన అంచనాలకు మారిందంతే. అందుకని పాత పీడీఎఫ్‌లోని 27.1 పక్కన 2021-22కి వచ్చిన 28.4 పెట్టి ‘పెరిగింది ఇంతేనా’ అనకూడదు. 25.6 పక్కన పెట్టి చూడాలి. మరి ఈ నివేదిక వచ్చేనాటికి 2011 తర్వాత జనగణనే జరగనప్పుడు కింది అంకె కూడా అంచనాయే కదా! పై అంకెలో, అంటే విద్యార్థుల సంఖ్యలో, వయసు చూడరు. ముప్పై ఏళ్లకి దూరవిద్యలో ఎంఏ కట్టినవాడూ అందులో ఉంటాడు.

రాష్ట్రాల జీఈఆర్ పట్టికలో తెలంగాణ 40.0, ఆంధ్రప్రదేశ్ 36.5. దీని మీద వాట్సాప్‌లో తన్నుకోవడం దండగ. విద్యార్థి సొంతూరు ఏదైనా చదివే సంస్థ ఉన్న రాష్ట్రం ఖాతాలోనే పడతాడు. విజయనగరం పిల్ల హైదరాబాద్‌లో చదివితే తెలంగాణ లెక్కే. చండీగఢ్‌కి 64.8 వచ్చిందంటే చుట్టుపక్కల రాష్ట్రాల పిల్లల చలవే చాలావరకు.

ఇందులో దొరకనిది డ్రాపౌట్. ఫస్టియర్ సంఖ్యలోంచి సెకండియర్ సంఖ్య తీసేసి ‘ఇంతమంది మానేశారు’ అనేవాళ్లను చూశాను. ఆ రెండూ వేర్వేరు బ్యాచ్‌లు.

ఉచితం, దేశమంతటికీ ఒకే నమూనా, పదేళ్లకు పైబడిన వరస. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆలస్యానికి ఒకటి, పాత జనాభా అంచనాకి అర కోత. కొనే పని లేదు కాబట్టి దించుకోండి. ముందుమాట వదిలేసి, లెక్కలు ఎలా కట్టారో చెప్పే పేజీలు మొదట చదివి, ఆ తర్వాత పట్టికల్లోకి వెళ్లండి.