763 అడుగుల బోరు, 120 డాలర్ల తాలింపు

డెన్వర్ వైపు వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఇంటి బేస్‌మెంట్ అద్దెకు తీసుకునేటప్పుడు మొదట కనబడే రేటును నమ్మకండి. రాత్రికి 118 డాలర్లు అని చూసి రెండు రాత్రులకు బుక్ చేశాను. క్లీనింగ్ 95, సర్వీస్ ఫీజు 47, పన్ను 31. అంతా కలిపి 409 తేలింది. సరే పోనీ అనుకుని లోపలికి వెళితే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. వెళ్లేముందు దుప్పట్లు, దిండు గలీబులు మేమే వాషర్‌లో వేయాలట, చెత్త బయట పడేయాలట, గిన్నెలు కడిగి బోర్లించాలట. మరి ఆ 95 డాలర్లు ఎవరు చేసే క్లీనింగ్‌కో!

రెండో రోజు పొద్దున అమ్మ పప్పుచారు పెట్టింది. నాలుగు మెంతులు, రెండు ఎండుమిర్చి, కరివేపాకు, అంతే. పొగ అలారం మోగింది. మా ఆవిడ తువ్వాలుతో విసురుతూ నిలబడింది. అది అక్కడితో అయిపోయిందనుకున్నాం. డల్లాస్ తిరిగొచ్చిన మూడో రోజు మెసేజ్ వచ్చింది: ఇంట్లో వాసన పోవడం లేదు, అదనంగా 120 డాలర్లు కట్టాలి.

ఈ ట్రిప్పు అసలు మా బాపు (నాన్న) కోసమే పెట్టుకున్నది. సింగరేణిలో బొగ్గు కోసం బోర్లు వేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. మా దగ్గరికి వచ్చి రెండు నెలలు కావస్తోంది. పొద్దున వాకింగ్, సాయంత్రం యూట్యూబ్, మధ్యలో "టికెట్ ముందుకు జరుపరాదుర" అని గొణుగుడు. రాళ్లు చూపిస్తేనైనా మనిషి మామూలవుతాడని మా ఆవిడ ఐడియా.

మొదటిరోజు రెడ్ రాక్స్ అనే ఎర్రరాళ్ల పార్కు, ఫొటోలు, బాగానే గడిచింది. రెండో రోజు మోరిసన్ పక్కనే ఉన్న డైనోసార్ రిడ్జ్ అనే గుట్టకి వెళ్లాం. నడిచి చూస్తే ఖర్చు లేదు. బస్సు ఎక్కితే డబ్బులు. ఓపిక ఉంటే నడవండి. ఆర్థర్ లేక్స్ అనే బడిపంతులుకు 1877లో ఈ చుట్టుపక్కలే ఎముకలు దొరికాయి. స్టెగోసారస్ అనే డైనోసార్‌కు ఆ పేరు పడింది వాటి వల్లే. ఏటవాలుగా లేచిన ఇసుకరాయి మీద పాదముద్రలు చూసి నేను ఫోన్ తీశాను. బాపు మాత్రం అరచేతిని అడ్డంగా పెట్టి ఆ పొర ఎంత వాలుగా ఉందో కొలుస్తున్నాడు. అమ్మకు మోకాళ్ల నొప్పి, బెంచీ దిగలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఒక బ్రూవరీలో డైనోసార్ శిలాజాల మీద మాట్లాడతారని మా ఆవిడ ఎక్కడో చూసింది. ఎంట్రీ ఫ్రీ. "బీరు కాచే చోటికి అత్తమ్మను ఎట్లా తీసుకుపోతాం?" అని మళ్లీ తనకే టెన్షన్. అమ్మ గడపలో నిలబడి గాలి పీల్చి, "గిది మన బర్రెల కుడితి వాసనే కదరా" అని వెళ్లి కూర్చుంది. తర్వాత తెలిసింది, బీరు కాచగా మిగిలిన గింజల పిప్పిని నిజంగానే పశువులకు వేస్తారట.

బీరు గ్లాసు ఏడున్నర డాలర్లు. బండి నడపాలి కాబట్టి నేను సగంతో ఆపాను. అమ్మకు రూట్ బీర్ తెచ్చాం, 4 డాలర్లు. అందులో మందు ఉండదని ఎంత చెప్పినా పేరులో బీరు ఉందని ముట్టలేదు. చివరికి మా ఆవిడ బలవంతాన ఒక గుక్క తాగి, "అయోడెక్స్ కలిపిన్రా ఏంది?" అంది. వంటగది లేని చోటు కాబట్టి బయటి తిండి తెచ్చుకోవచ్చు. అమ్మ సంచిలోంచి సకినాల ప్యాకెట్ తీసింది. పక్క టేబుల్ వాళ్లు రెండేసి తీసుకుని, మళ్లీ వచ్చి అడిగారు.

స్టీలు ట్యాంకుల ముందు తెర కట్టి మొదలుపెట్టారు. డెన్వర్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం వాళ్లు భూమిలోని వేడితో భవనాన్ని వెచ్చబెట్టొచ్చా అని చూడటానికి 2025 జనవరిలో తమ పార్కింగ్ స్థలంలోనే బోరు వేశారు. 763 అడుగుల లోతులో, రెండంగుళాలకు అటూ ఇటూ వెడల్పు ఉండే రాతి కోర్‌లో, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీలో, వెన్నుపూస ముక్క ఒకటి వచ్చింది. సుమారు ఆరు కోట్ల డెబ్బై ఐదు లక్షల ఏళ్ల కిందటి శాకాహారి డైనోసార్‌ది.

బాపుకు ఇంగ్లిషులో అన్నీ అందవు. నేను చెవిలో చెబుతుంటే, బోరు అనగానే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. "మనకాడ ఏడువందల అడుగులు ఏస్తే నీళ్లే పడయి, వీళ్లకు డైనోసారే పడ్డది!" అని గట్టిగా నవ్వాడు. ప్రశ్నలకు టైమిచ్చినప్పుడు తానే లేచాడు. "ఎన్‌క్యూ కోర్? హెచ్‌క్యూ కోర్?" అవి కోర్ సైజుల పేర్లు. మొత్తం హాల్లో అర్థమైంది ఆ మాట్లాడే ఆయనకొక్కడికే. అందరూ వెళ్లాక మా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చుని, గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద కోర్ బొమ్మ గీసి ఎముక ఎక్కడుందో చూపించాడు. బాపు పెన్ను లాక్కుని గోదావరి, ప్రాణహిత గీశాడు. మా ఉమ్మడి ఆదిలాబాద్‌లో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ గురించి చెప్పాడు, దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉందని కూడా. నేను చిన్నప్పుడు రెండుసార్లు దాని ముందు ఫొటో దిగాను. అది మా వైపుదని ఆ రోజే తెలిసింది.

ఇద్దరూ తొమ్మిది దాకా లేవలేదు. అమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. మొత్తం బిల్లు టిప్‌తో కలిపి 31 డాలర్లు. ఆ అట్టముక్క ఇప్పుడు బాపు పాస్‌పోర్ట్ కవర్లో ఉంది.

వాసన డబ్బుల మీద నాలుగు రోజులు కొట్లాడితే 60 వెనక్కి ఇచ్చారు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. వచ్చేటప్పుడు మిగిలిన సకినాల ప్యాకెట్‌ను ఆ ఇంటావిడ కోసం కిచెన్ బల్ల మీద పెట్టి వచ్చింది. తిన్నదో లేదో కనుక్కోమని ఇప్పటికీ అడుగుతోంది.