జెరీ కర్లా, రాడ్ సెట్టా, విగ్గా: మా అమ్మాయి జుట్టుకి ఏది మేలు?

మా అత్తగారి ఫొటో ఒకటుంది, 1983లో డల్లాస్ ఓక్ క్లిఫ్‌లో వాళ్లింటి ముందు తీసింది. భుజాల దాకా తడితడిగా మెరిసిపోతున్న ఉంగరాల జుట్టు, చెవులకి గాజులంత రింగులు, కారు బానెట్ మీద చెయ్యేసి నిలబడి ఉంటారు. ఈ సమ్మర్‌లో మా అమ్మాయి ఆ ఫొటో చూసి అక్కడే ఆగిపోయింది, నాకూ ఇదే కావాలి అంది. ఇదే అంటే జెరీ కర్ల్. దానికి పంతొమ్మిదేళ్లు, వాళ్ల నాన్న నల్లజాతి అమెరికన్, జుట్టు మొత్తం వాళ్ల నానమ్మదే వచ్చింది, స్ప్రింగులా బిగుసుకుని చుట్టుకునే రకం, నా పోలిక ఒక్క వెంట్రుకకి కూడా రాలేదు. మా అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా కొబ్బరి నూనె దట్టంగా పెట్టి రెండు జడలేయవే అంటుంది, అమ్మా ఈ జుట్టుని పొడిగా దువ్వితే దువ్వెన పళ్లే విరుగుతాయి అని పంతొమ్మిదేళ్లుగా చెప్తూనే ఉన్నా.

మూడు వారాలు ఇంట్లో ఇదే పంచాయితీ. అమ్మాయిదేమో జెరీ కర్లే చేయించుకుంటానని పట్టు, నేనేమో కెమికల్ లేకుండా అదే షేప్ వచ్చే రాడ్ సెట్ అని, మా ఆయనేమో ఒక్క పార్టీ ఫొటోల కోసం ఇంత గొడవెందుకు విగ్ కొనుక్కో అని. మన తెలుగువాళ్లలో ఇలాంటి జుట్టున్న పిల్లల్ని పెంచేవాళ్లు నాలాగా ఇంకొంతమంది ఉంటారు కాబట్టి, మేం తెలుసుకున్నవి, పోట్లాడుకున్నవి రాసేస్తున్నా.

ముందు జెరీ కర్ల్ అంటే ఏంటో చెప్పాలి, ఎందుకంటే మైకేల్ జాక్సన్ జుట్టు అనగానే మనందరికీ గుర్తొస్తుంది గానీ అదెలా చేస్తారో నాకూ మొన్నటిదాకా తెలీదు. పేరేమో జెరీ రెడింగ్ అనే తెల్లాయనది, రెడ్‌కెన్ అనే జుట్టు సామాన్ల కంపెనీ పెట్టినవాళ్లలో ఆయనొకడు. దాన్ని నల్లవాళ్ల జుట్టుకి కుదిరేలా చేసి జనంలోకి తెచ్చింది మాత్రం నల్లవాళ్లే, శాన్ డియేగోలో బార్బర్‌గా ఉన్న విల్లీ మారో లాంటివాళ్లు. పని రెండు దఫాలుగా నడుస్తుంది, ఇక్కడే నాకు నవ్వొచ్చింది. పుట్టుకతో ఉంగరాలున్న జుట్టుకి ముందు థయోగ్లైకొలేట్ అనే మందున్న క్రీమ్ రాసి ఆ చుట్టు తీసేస్తారు, సాఫీగా అయ్యాక మళ్లీ ప్లాస్టిక్ రాడ్లకి చుట్టి అదే మందు నీళ్లగా ఉన్నది పోసి కొత్త చుట్టు పెడతారు, చివర్లో న్యూట్రలైజర్ పోసి ఆ చుట్టుని గట్టిపరుస్తారు. అంటే దేవుడిచ్చిన చిన్న ఉంగరాలు విప్పేసి షాపువాళ్లిచ్చే పెద్ద ఉంగరాలు పెట్టించుకోవడం అన్నమాట.

జుట్టు లోపల గంధకంతో ముడిపడిన బంధాలుంటాయి, ఆ మందు వాటిని తెంచుతుంది, న్యూట్రలైజర్ కొత్త చోట మళ్లీ అతికిస్తుంది. నా భాషలో చెప్పాలంటే జాకెట్ కుట్లు విప్పి వేరే కొలతకి మళ్లీ కుట్టించడం. ఒకసారికి పర్లేదు, బానే ఉంటుంది, కానీ విప్పి కుట్టిన ప్రతిసారీ గుడ్డ నీరసపడుతుంది కదా. రాడ్ సెట్ అలా కాదు, అది ఇస్త్రీ లాంటిది. తడి జుట్టుకి ఫోమ్ రాసి, చివర్లకి పల్చటి కాగితం పెట్టి, అవే రాడ్లకి చుట్టి, డ్రయ్యర్ కింద గంటన్నరో రెండు గంటలో కూర్చుంటే చాలు, నీళ్లు తగిలితే విడిపోయే బలహీనమైన బంధాలే అటూ ఇటూ జరుగుతాయి గానీ కుట్లు తెగవు. తలస్నానం చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఆ వచ్చేది తన సొంత జుట్టు, నా వాదనంతా ఇదే.

కానీ ఈ మాట మా అత్తగారి ముందు అంటే ఒప్పుకోలేదు. ఆవిడ చిన్నప్పుడు ప్రతి శనివారం సాయంత్రం స్టవ్ మీద ఇనప దువ్వెన కాల్చి జుట్టు సాపు చేసేవాళ్లట, ఆదివారం చర్చికి వెళ్లాలి కదా, చెవి మీద కాలిన మచ్చ ఇప్పటికీ చూపిస్తారు. తర్వాత లై రిలాక్సర్లు, అంటే జుట్టు సాపు చేసే కాస్టిక్ సోడా మందులు, తల మంటెక్కిపోతుంటే పళ్లు బిగపట్టి కూర్చోవడమే. వానొస్తుందంటే భయం, చెమట పడితే భయం, స్విమ్మింగ్ పూల్ మాటే లేదు. జెరీ కర్ల్ వచ్చాక జీవితంలో మొదటిసారి తల తడుపుకుని అలాగే బయటికి నడిచి వెళ్లాను, అది మీకు ఫ్యాషన్, నాకు సెలవు దొరికినట్టు అన్నారు. నేనింక నోరు మూసుకున్నా.

ఆవిడ సెలూన్‌లో కూడా చేయించుకోలేదు. అప్పట్లో సెలూన్‌కి వెళ్తే 200 డాలర్ల పైమాటే, అందుకే కామర్ కాట్రెల్ అనే ఆయన తన ప్రో-లైన్ కంపెనీ తరఫున ఇంట్లోనే చేసుకునే కర్లీ కిట్ అని ఒకటి తెచ్చాడు, డబ్బా 8 డాలర్లు. ఆయన నల్లజాతి వ్యాపారి, 600 డాలర్లతో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టి 1980లో కంపెనీని మా డల్లాస్‌కే తెచ్చేశాడు. అత్తగారు వాళ్ల చెల్లెలితో కలిసి వంటింటి సింకులోనే పని కానిచ్చారట, కుళ్లిన గుడ్ల కంపు రెండు రోజులు పోలేదట.

ఇక ఆ మెరుపు సంగతి. ఆ తడి మెరుపు జుట్టుది కాదు, యాక్టివేటర్ది. గ్లిజరిన్ ఉన్న ఆ స్ప్రే రోజూ కొట్టుకోవాలి, కొట్టకపోతే జుట్టు ఎండుగడ్డిలా అయిపోయి తుంపులు తుంపులుగా రాలుతుంది, రాత్రి ప్లాస్టిక్ క్యాప్ పెట్టుకుని పడుకోవాలి. కాలర్లు, దిండ్లు, కారు సీట్లు అన్నీ జిడ్డే. 1988లో వచ్చిన ఒక హాలీవుడ్ కామెడీలో సోఫాలోంచి లేచేసరికి వెనక తలకాయల మరకలు మిగిలే సీన్ ఒకటుంది, మా ఆయన అది సినిమా కాదు మా హాలే అంటాడు. 80లు దాటాక ఆ స్టైల్ నవ్వులపాలైంది కూడా ఈ జిడ్డు వల్లే. ఇప్పటి యాక్టివేటర్లు అంత జిడ్డుగా లేవంటున్నారు, మేం వెళ్లిన స్టైలిస్ట్ చేతి మీద రాసి చూపించింది, నిజమే, తేలిగ్గా ఉంది, కానీ రోజూ తడి అందించే డ్యూటీ మాత్రం తప్పదు.

పక్కపక్కన పెట్టి చూస్తే ఖర్చు లెక్క ఇలా తేలింది. జెరీ కర్ల్‌కి మాకు చెప్పిన రేటు 250 డాలర్లు, నాలుగైదు గంటలు కుర్చీలో, తర్వాత కుదుళ్ల దగ్గర సొంత జుట్టు పెరుగుతున్నకొద్దీ మూడు నాలుగు నెలలకోసారి టచప్, రోజువారీ స్ప్రేలు వేరే. పొద్దున మాత్రం పది నిమిషాల పనే, స్ప్రే కొట్టు, వేళ్లతో సర్దు, పో. రాడ్ సెట్ ఇంట్లో చేసుకుంటే రాడ్లూ కాగితాలూ ఫోమూ కలిపి 30 డాలర్లు కాలేదు, కానీ సగం ఆదివారం దానికే పోతుంది, నిలిచేది వారంలోపే, అదీ టెక్సస్ ఉక్కపోతలో మూడో రోజుకే ఉబ్బుతుంది. లోపల కొంచెం తడి మిగిలి ఉండగా రాడ్ విప్పావా, అయిపోయింది, ఉంగరం కాదు పీచు వస్తుంది. డబ్బు దాచుకుంటావా టైమ్ దాచుకుంటావా అన్నట్టే ఉంది, కానీ అసలు తేడా వద్దనుకున్నప్పుడు తెలుస్తుంది. రాడ్ సెట్ వద్దనుకుంటే తల తడుపుకో. జెరీ కర్ల్ వద్దనుకుంటే అది పెరిగిపోవాల్సిందే, జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది, భుజాల దాకా ఉన్న జుట్టంటే రెండేళ్లకి పైనే, లేకపోతే బిగ్ చాప్ అని మొత్తం కత్తిరించుకోవాలి. పంతొమ్మిదేళ్ల పిల్ల మనసు రెండేళ్లు ఒక హెయిర్ స్టైల్ మీద నిలబడుతుందా? నా మనసే నిలబడదు.

రిలాక్సర్ సంగతి కూడా చెప్పాలి, చాలామంది జెరీ కర్లూ అదీ ఒకటే అనుకుంటారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థవాళ్లు 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించి 2022లో బయటపెట్టిన స్టడీ ఒకటుంది. జుట్టు సాపు చేసే కెమికల్స్ అసలు వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడేవాళ్లకి 4.05 శాతం. ఆ సాపు చేసేవి వాడేవాళ్లలో నల్లజాతి ఆడవాళ్లే ఎక్కువ. ఇది చదివాక రిలాక్సర్ మా లిస్టులోంచి తీసేశాం. అదే స్టడీలో పర్మ్‌లకి, అంటే మందుతో ఉంగరాలు పెట్టే వాటికి, అలాంటి లింకు కనపడలేదు, అమ్మాయి ఎగిరి గంతేసింది చూశావా అమ్మా అని. నాకైతే ఒక డౌట్ ఉండిపోయింది, జెరీ కర్ల్‌లో మొదటి దఫా చేసేది సాపు చేయడమే కదా, మరి దీన్ని ఏ ఖాతాలో రాయాలి? పైగా క్యాన్సర్ లింకు లేదంటే మందు చల్లటిదని కాదు, పొరపాటున మాడు మీద ఎక్కువసేపు ఉంటే అదీ కాలుస్తుంది.

విగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్క సాయంత్రానికైతే అదే బెస్ట్, మా ఆయన చెప్పింది నూటికి నూరు కరెక్టే, కానీ ఆ మాట ఆయనకి చెప్పను. సింథటిక్‌వి చవక, అసలు జుట్టువి వందల డాలర్లు. షాపులో ఇండియన్ హెయిర్ అని రాసున్న ప్యాకెట్ పట్టుకుని నేనొక నిమిషం అలా ఉండిపోయా. తిరుమలలో మనం మొక్కు తీర్చుకున్న జుట్టు టీటీడీవాళ్లు వేలం వేస్తారు, అది విగ్గులకే పోతుంది, ఏ ప్యాకెట్లో ఎవరి మొక్కుందో ఎవరికి తెలుసు. మా అమ్మ జుట్టు చివరికి మనవరాలి తలమీదకి చేరినా ఆశ్చర్యం లేదు, కొబ్బరి నూనె మాత్రం ఇక్కడ ఎవరూ పెట్టరు.

చివరికి పంచాయితీ తీర్చింది మా ముగ్గురిలో ఎవరూ కాదు. 80లనుంచీ ఈ పని చేస్తున్న ఒకావిడ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఈ జుట్టుకి రిలాక్సర్ ఎప్పుడైనా పడిందా అని. లేదు అంది మా అమ్మాయి. ఆవిడ ఏం మాట్లాడకుండా మెడ వెనకనుంచి సన్నటి పాయ కత్తిరించి గాజు గిన్నెలో మందు పోసి అందులో వేసి, గడియారం చూస్తూ కూర్చుంది. కాసేపటికి దువ్వెన తోకతో పైకి తీసి కాగితం మీద పెట్టింది. కుదుళ్ల వైపు భాగం మెత్తబడి బాగానే సాగింది, చివరి మూడంగుళాలు మాత్రం ఎక్కువ ఉడికిన సేమ్యా లాగా, వేలితో లాగితే జారి తెగిపోయింది. అప్పుడు బయటికొచ్చింది, ప్రామ్ ముందు, అంటే హైస్కూల్ డాన్స్ పార్టీ ముందు, ఫ్రెండ్‌తో కలిసి ఎక్కడో ఒక షాపులో చివర్లకి రిలాక్సర్ పట్టించుకుందట, ఆ షాపువాళ్లు ఇదేం కాదు జస్ట్ స్మూతింగ్ అన్నారట. కాస్టిక్ సోడా పడిన జుట్టు మీద ఈ మందు పడితే నిలబడదు, రెండింటికీ పొత్తు లేదు. చేయించుకోవాలంటే ముందు ఆ మూడంగుళాలు కోయించుకో, లేదా అది పెరిగిపోయాక రా, ఇవాళ నీ డబ్బు నేను తీసుకోను అంది ఆవిడ.

కాబట్టి నన్నడిగితే, జుట్టుకి ఏ కెమికల్, రంగు పడకుండా ఉండి, పొద్దున టైమ్ అస్సలు లేక, రోజూ తల తడవాల్సిన పనో స్విమ్మింగో ఉండి, రెండేళ్లు దాంతోనే బతుకుతా అనుకునేవాళ్లకి జెరీ కర్ల్ పనికొస్తుంది, అదీ పాయ తీసి పరీక్ష చేసే మనిషి దొరికితేనే. ఫొటో చూసి మనసుపడ్డవాళ్లకి రాడ్ సెట్. ఒక్క రాత్రికి విగ్. ఇంటర్న్‌షిప్‌లో ఏమంటారో అనే భయంతో రిలాక్సర్ వైపు చూసేవాళ్లుంటే, టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి క్రౌన్ యాక్ట్ ఉంది, జుట్టు తీరు చూసి ఉద్యోగంలో తేడా చూపించకూడదు, మా అమ్మాయికి కూడా అదే చెప్పా.

మొన్న ఆదివారం అత్తగారే వచ్చి కూర్చున్నారు. ఎర్ర రాడ్లు మరీ సన్నం, ఊదావి మరీ లావు, నా ఫొటోలో ఉన్న సైజుకి గ్రే కావాలి అని ఏరి పెట్టుకున్నారు, పాయకో కాగితం మడిచి, చివర వంగకుండా సాపుగా చుట్టుకుంటూ పోయారు, డెబ్బై దాటినా వేళ్లు ఏం మర్చిపోలేదు. రెండు గంటల తర్వాత ఒక్కొక్కటీ విప్పుతుంటే ఉంగరాలు భుజాల మీద పడి ఊగుతున్నాయి, అమ్మాయి అద్దం వదలట్లేదు. అంతా బానే ఉంది గానీ మెరుపు తక్కువైందని అత్తగారు బ్యాగ్‌లోంచి ఒక స్ప్రే బాటిల్ తీశారు, మా ఆయన ఏం మాట్లాడకుండా లేచెళ్లి దుప్పటి తెచ్చి సోఫా మీద పరిచాడు.