ఆన్‌లైన్ కేసినో ఐడీ కొంటున్నారా? ఓడితే కాదు, గెలిస్తేనే ఇరుక్కుంటారు

మహారాష్ట్రలోని ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి, కిన్వట్ మొదలుకొని ఇటు రాజురా, బల్లార్‌పూర్, సిరొంచ దాకా మన తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఒకే రకం మెసేజ్ వస్తోంది. "500 వేస్తే 1,000 బోనస్, ఐదు నిమిషాల్లో విత్‌డ్రా, మహారాష్ట్రలో ఫుల్ లీగల్, ఐడీ కావాలంటే హాయ్ అని పెట్టండి." పత్తి, సోయా అమ్మిన పైసలు ఖాతాలో పడే రోజుల్లో ఈ మెసేజ్‌లకు ఆశపడేవాళ్లు ఎక్కువ. కొత్తగా దిగే తమ్ముళ్లందరికీ ఒకటే భయం, ఓడిపోతామేమోనని. ఓడితే పోయేది వేసినంతే. గెలిచిన పైసలు బ్యాంకుకు తెచ్చుకోబోయినప్పుడు మొదలయ్యేది వేరే తలనొప్పి. ఈ పోస్టు దాని గురించి.

ముందు ఆ "లీగల్" మాట సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా ఆపేశాయి. మహారాష్ట్ర అప్పట్లో రమ్మీ లాంటి వాటిని ఆపలేదు. అందుకే బాసర దాటి ధర్మాబాద్ వైపు వచ్చినా, కాళేశ్వరం వంతెన దాటి సిరొంచకు వచ్చినా ఫోన్ లొకేషన్ మారి రమ్మీ యాప్ తెరుచుకునేది. ఏజెంట్లు ఇప్పటికీ ఆ పాత మాటనే అమ్ముకుంటున్నారు. నిజానికి రూలెట్ (అంకెల చక్రం), స్లాట్లు (బొమ్మలు తిరిగే మెషిన్ ఆట), అందర్ బాహర్ లాంటి కేసినో ఆటలకు ఆ వెసులుబాటు అప్పుడు కూడా లేదు. జూదం మీద ఇక్కడ 1887 నాటి చట్టం ఉంది. కేసినోల కోసమని 1976లో ఒక చట్టం చేశారు గానీ అమలు చేయనేలేదు, 2023లో దాన్ని రద్దు కూడా చేశారు. ఆపైన కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా పైసలు పెట్టే ఆన్‌లైన్ ఆట ఏదైనా దాని కింద నిషేధమే. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షలు. గ్రూపులో లింకు ఫార్వర్డ్ చేసి కమీషన్ తినే కుర్రాళ్లు ఈ రెండో లెక్క ఒకసారి చూసుకోవాలి. ఆడేవాడికి ఈ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. కానీ తెలంగాణ, ఆంధ్ర సొంత చట్టాలు ఆడేవాణ్ణి కూడా వదల్లేదు. కాబట్టి సరిహద్దుకు అవతల చుట్టాలింట్లో కూర్చుని ఆడితే కథ మళ్లీ మారుతుంది.

ఇక అసలు విషయానికి. ఐడీ, అంటే సైటులో ఆడేందుకు లాగిన్, కొన్నాక ఏజెంట్ ఒక యూపీఐ ఐడీయో క్యూఆర్ కోడో పంపిస్తాడు. అందులో కేసినో పేరు ఉండదు, ఎవరో మనిషి పేరు, లేదంటే ఏదో కిరాణా దుకాణం పేరు ఉంటుంది. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. "నోట్‌లో గేమ్ అని రాయకు, స్క్రీన్‌షాట్ పెట్టు, పాత నంబర్‌కు కొట్టకు" అని కూడా చెప్తాడు. ఇంత దాపరికం ఎందుకంటే బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు ఈ వ్యాపారానికి సేవలు ఇవ్వకూడదు. అందుకని అద్దెకు తీసుకున్న ఖాతాల మీదుగా పైసలు తిప్పుతారు. బ్యాంకువాళ్లు, పోలీసులు వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. సైటు సంగతీ అంతే. ప్రభుత్వం ఒక లింకును మూయిస్తే అదే బొమ్మతో, పేరులో ఒక్క అక్షరం మార్చి ఇంకోటి లేస్తుంది. 2023 నవంబరులో బెట్టింగ్ యాప్ మహాదేవ్ బుక్‌తో కలిపి 22 యాప్‌లను, సైట్లను కేంద్రం ఒకేసారి మూయించింది, అయినా దుకాణాలు ఆగలేదు. సైటు అడుగున కనిపించే కురసావ్ లైసెన్సు ముద్రను కూడా నమ్మకండి. దాన్ని నొక్కితే లైసెన్సు ఇచ్చిన సంస్థ సొంత సైటుకు పోవాలి, అక్కడ ఇదే సైటు అడ్రసు కనిపించాలి. ఉత్త బొమ్మ తెరుచుకుంటే అది అతికించిన ముద్ర. ఒకవేళ అసలు లైసెన్సే అయినా, ఎక్కడో కరీబియన్ దీవిలో ఇచ్చిన కాగితం నాందేడ్‌లో మీకు రావాల్సిన ఒక్క రూపాయి కూడా ఇప్పించదు.

మొదటి రెండు విత్‌డ్రాలు చక్కగా వస్తాయి. 800, 1,500 అలా. ఆ నమ్మకంతో పెద్ద మొత్తం వేస్తారు, బ్యాలెన్స్ 40 వేలో 60 వేలో చూపిస్తుంది. విత్‌డ్రా నొక్కగానే అభ్యంతరాలు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. మొదట కేవైసీ అంటూ ఆధార్, పాన్, చేతిలో కార్డు పట్టుకున్న సెల్ఫీ అడుగుతారు. ఆ కాగితాలతో మీ పేరున సిమ్ముగానీ అప్పుగానీ తీసినా మీకు తెలియదు. తర్వాత "టర్నోవర్ పూర్తి కాలేదు" అంటారు, అంటే ఇంకా ఇంత మొత్తం పందెం కాయాలని. ఆఖరికి "30 శాతం ట్యాక్స్ ముందుగా కట్టండి, వెంటనే రిలీజ్ చేస్తాం" అంటారు. ఈ ఆఖరి మాట వినపడితే అక్కడితో ఆగిపోవాలి. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, 2023 ఏప్రిల్ 1 నుంచి టీడీఎస్ కూడా ఉంది. కానీ టీడీఎస్ అంటే గెలిచిన దాంట్లోంచి కోసుకుని మిగతాది ఇవ్వడం. అది మీ పాన్ కింద ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఎవరో మనిషి యూపీఐకి ముందుగా కొట్టే పన్ను ఈ దేశంలో లేదు. 60 వేలకు ఆ 30 శాతం, అంటే 18 వేలు కట్టినవాణ్ణి తర్వాత "ప్రాసెసింగ్ ఫీజు", ఆ తర్వాత "అకౌంట్ అన్‌లాక్ ఫీజు" అడుగుతారు. అడగడం వాళ్లు ఆపరు, కట్టడం మీరే ఆపాలి.

సరే, ఏ పేచీ లేకుండా పైసలు వచ్చేశాయనుకుందాం. అప్పుడైనా కుదురుగా ఉంటారా అంటే, ఉండరు. ఆ పైసలు పంపిన ఖాతా కూడా అద్దెదే. అందులోకి రోజూ ఎక్కడెక్కడి మోసాల సొమ్మో వచ్చి పడుతుంది. కేరళలోనో గుజరాత్‌లోనో మోసపోయిన ఒకాయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేస్తాడు. ఆయన పైసలు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయాయో వరసగా వెతుక్కుంటూ వచ్చి, ఆ గొలుసులో ఉన్న మీ ఖాతా మీద కూడా లియన్ పెట్టిస్తారు. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ కనిపిస్తుంది, తీయడానికి రాదు. వచ్చింది 3,000 అయినా కొన్నిసార్లు మొత్తం ఖాతానే ఆపేస్తారు. అదే ఖాతాలో పంట రుణం, పీఎం కిసాన్, గనిలోనో మిల్లులోనో జీతం ఉంటే అన్నీ ఆగినట్టే. తన ఖాతా వద్దని భార్య ఖాతాతో ఆడేవాళ్లున్నారు. అది ఇరుక్కుంటే ఆమెకు నెలనెలా పడే ప్రభుత్వ లాడ్కీ బహీణ్ పథకం 1,500 కూడా అందదు. చేసిందొకరు, అనుభవించేది ఇంకొకరు!

ఇప్పటికే విత్‌డ్రా తీసుకున్నవాళ్లు స్టేట్‌మెంట్ తెరిచి పంపినవాళ్ల పేర్లు చూడండి. ఐదుసార్లలో ఐదు వేర్వేరు మనుషుల పేర్లుంటే పైన చెప్పిన గొలుసులో మీరూ ఉన్నారు. లియన్ పడితే బ్రాంచిలో నోటిమాటగా అడిగి వెనక్కి రాకండి. కంప్లయింట్ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, వివాదంలో ఉన్న మొత్తం ఎంత, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏది అని కాగితం మీద రాసిచ్చి, ముద్ర వేయించిన కాపీ తెచ్చుకోండి. వివాదంలో ఉన్న మొత్తం వరకే లియన్ ఉంచి మిగతాది విడవమని అదే కాగితంలో అడగండి. తర్వాత ఆ పోలీస్ స్టేషన్‌కు స్టేట్‌మెంట్‌తో జవాబు పంపాలి. నాలుగు రోజుల్లో తేలే పని కాదు.

ఇదే వరసలో ఇంకో సంగతి. "నీ ఖాతా, ఏటీఎం కార్డు, ఆ నంబర్ సిమ్ ఇవ్వు, నెలకు ఇంత ఇస్తా" అని కాలేజీ పిల్లల్ని అడుగుతున్నారు. ఇచ్చినవాడు బాధితుడి లెక్కలోకి రాడు. మోసపోయినవాళ్ల సొమ్ము మొదట దిగేది అతని ఖాతాలోనే గనుక పోలీసులు ముందుగా వచ్చేది అతని ఇంటికే.

ఆట లెక్క తెలియకుండా దిగొద్దు, కాబట్టి అది కూడా. మట్కా సంగతి ఇటువైపు అందరికీ తెలుసు: సింగిల్ అంకెలు పది, తగిలితే రూపాయికి తొమ్మిది. పదింటి మీదా రూపాయి చొప్పున వేస్తే వాళ్ల దగ్గర మిగిలే ఆ రూపాయి మీదే దుకాణం నడుస్తుంది. కేసినోది కూడా అదే లెక్క, కొంచెం సన్నంగా ఉంటుంది. ఒక్క సున్నా ఉన్న రూలెట్‌లో గళ్లు 37. అన్ని గళ్ల మీద తలో 100 వేస్తే 3,700 అవుతుంది. ఏ అంకె వచ్చినా 35 రెట్లు ప్లస్ మీ 100, కలిపి 3,600 చేతికొస్తుంది. తిప్పిన ప్రతిసారీ 100 పోయినట్టే, అంటే 2.7 శాతం. రెండు సున్నాలుంటే 5.26. అందర్ బాహర్‌లో మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం 51.5 శాతం దాకా ఉంటుంది. అందుకే ఆ వైపు రూపాయికి 90 పైసలే ఇస్తారు, లెక్క మళ్లీ 2 శాతం పైగా వాళ్ల వైపే తేలుతుంది. స్లాట్లలో 96 శాతం వెనక్కి వస్తుందని రాస్తారు. తిప్పుకు 10 చొప్పున ఆటో స్పిన్ పెడితే, ఆరు సెకన్లకొకటిగా గంటకు 600 తిప్పులు, 6,000 పందెం. అందులో 4 శాతం, గంటకు సగటున 240. శాతం చిన్నదే, ముంచేది వేగం.

"ఓడితే డబుల్ చెయ్యి, ఒక్కసారి తగిలితే అన్నీ వచ్చేస్తాయి" అనే సలహా టెలిగ్రామ్‌లో ఫ్రీగా దొరుకుతుంది. 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400. వరసగా ఏడు ఓడితే 12,700 పోయినట్టు, ఎనిమిదో పందెం 12,800, ఇదంతా 100 రూపాయల లాభం కోసం. రూలెట్‌లో ఎరుపు మీద ఇలా ఏడు వరస ఓటములు వందసార్లు మొదలుపెడితే దాదాపు ఒకసారి తగులుతాయి. అప్పటికి టేబుల్ గరిష్ఠ పరిమితో మీ ఖాతా పరిమితో అడ్డం వస్తుంది.

బోనస్ మాట నమ్మేముందు "వేజరింగ్" అనే గీత వెతకండి. 1,000 వేస్తే 1,000 బోనస్, దానికి 40 రెట్లు ఆడాలి అంటే 40,000 పందెం కాయాలి. 96 శాతం స్లాటులో ఆ దారిన సగటున పోయేది 1,600, బోనస్ కన్నా ఎక్కువ. డిపాజిట్‌ని కూడా కలిపి 40 రెట్లు అంటే ఇంతకింత. లైవ్ టేబుల్ పందెంలో 10 శాతమే లెక్కలోకి తీసుకుంటామని రాసి ఉంటే అదే 40,000 పూర్తి కావడానికి 4 లక్షలు తిప్పాలి. గడువు వారమో నెలో ఉంటుంది. పందెం ఒక పరిమితి దాటితే గెలుపు మొత్తం రద్దు అనే వాక్యం కూడా అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. బోనస్ వద్దని చెప్పే వీలుంటే అదే నయం.

వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఎక్కించే) ఫైలును ఇన్‌స్టాల్ చేయొద్దు. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగిందంటే మీ ఓటీపీలు దాని చేతిలోకి పోయినట్టే. ఎక్కించేసి ఉంటే నెట్ ఆపి, యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చండి. పైసలు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, కొట్టమన్నారంటే పోయేది మీవే.

మోసం జరిగిందని తెలిసిన గంటలోపే 1930కి ఫోన్ చేయాలి. లావాదేవీ తాలూకు 12 అంకెల యూటీఆర్ నంబర్, సమయం, మొత్తం, ఎదుటి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోండి. చాట్ తుడిచేయకండి. "డబ్బు కట్టింది నిజామాబాద్ ఖాతాకు, అక్కడికే పోండి" అని స్టేషన్‌లో తిప్పి పంపితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాల్సిందే. ఆడకుండా ఉండలేకపోతున్నామని అనిపిస్తే 14416 టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సాయం నంబర్ ఉంది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

పోగొట్టుకున్న సంగతి ఏ గ్రూపులోనైనా రాశారా, గంటలో ఒకడు ఇన్‌బాక్స్‌లోకి వస్తాడు. సైబర్ సెల్‌లో తెలిసినవాళ్లున్నారు, 10 శాతం ఇస్తే రికవరీ చేయిస్తా అంటాడు. డీపీలో పోలీసు ముద్ర కూడా ఉంటుంది. ఆ నంబర్‌ను కూడా అదే ఫిర్యాదులో చేర్చండి.