45 రోజుల స్పోకెన్ ఇంగ్లిష్‌లో గిట్టుబాటైన పది నిమిషాలు

నేను కూకట్‌పల్లిలో ఒక కొరియర్ ఆఫీసు కౌంటర్‌లో పనిచేస్తాను. ఆర్నెల్ల కిందట ఒక కస్టమర్‌కి వాట్సాప్‌లో "అవర్ బాయ్ విల్ టేక్ యువర్ పార్సిల్ టుమారో" అని పెట్టాను. రేపు తెచ్చిస్తాడని నా ఉద్దేశం. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, "నాకింకా అందనే లేదు, మళ్ళీ ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని దులిపేశారు. ఆ దెబ్బకే అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరాను. 45 రోజులు, ఫీజు 4,500, పొద్దున 7 గంటల బ్యాచ్.

గది ఇరుకు. ఏసీ నీళ్ళు మూడో బెంచీ మీద కారుతుంటాయి. వాళ్ళిచ్చే పుస్తకమైతే దండగ: "బ్రింగ్ అంటే తెచ్చుట, టేక్ అంటే తీసుకొనుట", అంతే. పైగా క్లాసులో తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైను, డబ్బాలో వెయ్యాలి.

సార్ మాత్రం బంగారం. నా మెసేజ్ సంగతి విని నవ్వలేదు. వాటర్ బాటిల్ నా చేతికిచ్చి తలుపు దగ్గర నిలబెట్టారు. తన దగ్గరికి తెస్తే బ్రింగ్, తన దగ్గర్నుంచి బయటికి పట్టుకుపోతే టేక్. మరి ఫోన్‌లో అవతలున్న మనిషి దగ్గరికైతే? అందరం టేక్ అన్నాం. అప్పుడాయన తెలుగులోకి దిగారు. "మీ అమ్మ ఫోన్ చేస్తే బియ్యం తీసుకొస్తున్నా అంటావా, తీసుకెళ్తున్నా అంటావా?"

తీసుకొస్తున్నాననే అంటాను! వినేవాళ్ళున్న చోటికైనా బ్రింగే. ఎవరైనా పిలిస్తే "వస్తున్నా" అంటాం, ఇంగ్లిష్‌లోనూ "ఐయామ్ కమింగ్" అనే అంటారు. తీసుకురావడం, తీసుకెళ్ళడం రెండిట్లోనూ ముందు సగం ఒకటే, ఎటువైపో చెప్పేది చివరి సగం. నేను ముందున్న "తీసుకు" పట్టుకుని టేక్ అని కొట్టేశానన్నమాట. అయితే బయల్దేరేటప్పుడు మనం అనే "వస్తానండీ"ని మాత్రం "ఐ విల్ కమ్" చెయ్యొద్దన్నారు. ఎప్పుడొస్తావని అడుగుతారట.

మిగతా రోజులు టెన్సులు, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టడం. వాటికైతే ఇంత ఫీజు ఎక్కువే.

ఆ రోజు క్లాసు అయ్యాక సార్ జేబులోంచి పది రూపాయలు తీసి డబ్బాలో వేశారు. చేరేవాళ్ళు 7 గంటల బ్యాచే అడగండి, 9 గంటలకి వేరే ఆయన వస్తారు. మూడో బెంచీ వద్దు.