ఆరున్నరేళ్ల రేకుల కప్పు: రేకు నిలబడింది, స్క్రూ ముంచింది

2019 మార్చిలో మా ఇంటి పెంకులు దించేసి కలర్ రేకులు, అంటే రంగు పూత ఉన్న ఇనుప రేకులు వేయించాం. ఆరున్నరేళ్లు దాటింది. రేకు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా కోపమంతా ఆ రేకుని పట్టి ఉంచే స్క్రూ మీద. ఒక్కోటి 4 రూపాయలు. రెండు లక్షల పైన పెట్టిన కప్పులో అన్నిటికంటే చవకైన వస్తువు అదే. కప్పు మార్చాలనుకునేవాళ్లు రేకు రంగు గురించి, కంపెనీ గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. స్క్రూ గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

మాది శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం. ఇంటి నుంచి సముద్రం నాలుగు కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నవరాత్రుల్లో రెండో రోజు, తిత్లీ తుఫాను మా మీద నుంచే పోయింది. అమ్మ పక్కింటి శ్లాబు కింద తలదాచుకుంది. నేను విశాఖ నుంచి పడిపోయిన చెట్లు దాటుకుంటూ మర్నాడు చేరేసరికి సగం పెంకులు పెరట్లో ఉన్నాయి, కొబ్బరి చెట్లు ఇంటి మీద ఉన్నాయి. ఐదు నెలలు టార్పాలిన్ కిందే గడిచింది. శ్లాబు వేద్దామంటే మట్టి అడుసుతో కట్టిన పాత గోడలు ఆ బరువు మోయలేవని, పిల్లర్లు లేపాల్సిందేనని మేస్త్రి చెప్పాడు. సిమెంటు రేకులు ముక్కలై గాల్లో ఎగరడం ఊరంతా కళ్లారా చూశాం, కాబట్టి అవి వద్దనుకున్నాం. మిగిలింది ఇదే.

డబ్బు లెక్క మొదట చెప్తాను. అక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

మొదట మాట్లాడిన పనివాడు "ఇల్లు ఎన్ని అడుగులు?" అని అడిగాడు. 30 అడుగులు, 24 అడుగులు, అంటే 720 చదరపు అడుగులని చెప్పాను. "అన్నీ కలిపి అడుగుకి నూట పది" అన్నాడు. 79,200 అని కాగితం మీద రాసుకుని, అమ్మకి కూడా అదే చెప్పాను. ఆ "అడుగు" ఏ అడుగో నాకప్పుడు తెలియదు.

ఇల్లు 720 అడుగులే. కానీ కప్పు ఇంటి గోడల దగ్గర ఆగదు. నాలుగు వైపులా రెండేసి అడుగుల చూరు కలిపితే 34, 28 అవుతుంది. ఆ పైన వాలు ఉంది. మా పాత పెంకుల కప్పు వాలు దాదాపు 30 డిగ్రీలు, అదే ఉంచాం. కొప్పు, అంటే రెండు వాలులూ కలిసే పై అంచు నుంచి చూరు వరకు నేల మీద కొలిస్తే 14 అడుగులు, వాలు మీద కొలిస్తే 16 అడుగుల పైచిలుకు. రెండు వాలులూ కలిపి 1,100 చదరపు అడుగులు. అక్కడితో అయిపోలేదు. రేకు వెడల్పు మూడున్నర అడుగులు, కానీ పక్క రేకు మీదకి ఎక్కే భాగం పోగా అది కప్పేది మీటరే. మా 34 అడుగుల పొడవుకి ఒక్కో వాలుకి 11 రేకులు పట్టాయి. మొత్తం 22 రేకులు, ఒక్కోటి పదహారున్నర అడుగులు. షాపువాడు బిల్లు వేసింది 1,270 అడుగులకి. ఇందులో అతని మోసం ఏమీ లేదు, లెక్క అదే. 720 అడుగుల ఇంటికి 1,270 అడుగుల రేకు కొనాల్సి వస్తుందని ముందే నాకు చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే.

మా బిల్లులు ఇప్పటికీ దాచాను. రేకు అడుగు 36 చొప్పున, 18 శాతం జీఎస్టీతో కలిపి 53,950. ఇనుప పైపులు 1,450 కిలోలు, 81,200. వెల్డింగు 17,400. రేకు బిగించిన కూలి 8,800. కొప్పు రేకు, అంచు పట్టీలు, స్క్రూలు 11,500. పాత పెంకులు, కర్ర దించడానికి 9,000. రవాణా, దింపుడు 6,500. పైపులకి ప్రైమరు, రంగు 7,000. గోడల మీద కాంక్రీటు బెల్టు 28,000. మొత్తం 2,23,350. రేకు ఖరీదు ఇందులో నాలుగో వంతు కూడా లేదు. అందుకే ఎవరైనా "రేకు అడుగు ఎంత?" అని అడిగితే నాకు టెన్షన్ వస్తుంది. అది అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు.

బెల్టు విషయంలో నేను అప్పుడు చాలా గొడవపడ్డాను. రేకు వేయమంటే కాంక్రీటు ఎందుకని. మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. పాత పెంకులు పదిహేను వందల పైన ఉండేవి, ఒక్కోటి రెండు కిలోల పైమాటే. మూడు టన్నుల పైన బరువు గోడని కిందకి అదిమి పట్టేది. కొత్త రేకులన్నీ కలిపినా అర టన్ను. గాలి కింద నుంచి దూరితే రేకు ఎగరడమే కాదు, పైపులతో సహా కప్పంతా లేచిపోతుంది. అందుకని గోడ నెత్తిన బెల్టు పోసి, అందులో కడ్డీలు నాటి, పైపుల్ని వాటికి వెల్డు చేయాలన్నాడు. ఈ ఇంటి మీద పెట్టిన డబ్బులో ఆ 28,000 మాత్రం వందకి వంద శాతం సార్థకమైంది. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తిత్లీ అంత గాలి కాదు, నిజమే. అయినా ఆ రాత్రి అమ్మ ఎక్కడికీ వెళ్లకుండా సొంత మంచం మీదే పడుకుంది. ఒక్క రేకు కదల్లేదు. ఆ వారం నేను ఊళ్లో కనబడినవాళ్లందరికీ ఇదే వేయించుకోమని చెప్పాను. నా మాట విని ఇద్దరు వేయించుకున్నారు కూడా. ఇప్పుడు వాళ్లకి నేను వెళ్లి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

వేడి, శబ్దం గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. పెంకుల్ని గుర్తుచేస్తుందని ఇటుక రంగు తీసుకున్నాం. లేత రంగు తీసుకుని ఉంటే కొంత చల్లగా ఉండేది. మే నెలలో మధ్యాహ్నం నడింట్లో కూర్చోలేక 2021లో ముందు గదికి, అమ్మ గదికి 38,000 పెట్టి జిప్సం సీలింగ్ చేయించాం. కప్పు ఖర్చు రాసుకునేటప్పుడు దీన్ని కూడా కలిపి రాసుకోవాలి. వాన గట్టిగా పడితే సీలింగ్ ఉన్నా అమ్మకి ఫోన్‌లో నా మాట వినబడదు. పెంకుటింట్లో వాన పడుతుంటే హాయిగా నిద్ర పట్టేది. అది పోయింది.

ఇక స్క్రూ సంగతి.

2023 జులైలో ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "వరండాలో కాదురా, నా మంచం మీదే పడతంది" అంది. సీలింగ్‌లో ఒక మూల ఉబ్బి, గోధుమ రంగు మచ్చ వేసి, అక్కడి నుంచి చుక్కలు. మొదట బిగించిన పనివాడినే పిలిచాం. అతను పైకెక్కి చూసి కొప్పు దగ్గర సందు ఉందని సిలికాన్ పూసి 1,500 తీసుకున్నాడు. వారం తిరక్కుండా మళ్లీ వాన, మళ్లీ చుక్కలు, ఈసారి రెండు చోట్ల. అతను తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పలాస నుంచి ఇంకొకాయన్ని తీసుకొచ్చాను. వయసు అరవై ఉంటుంది. కొప్పు వైపు చూడనే లేదు. రేకు మీద కూర్చుని ఒక స్క్రూ విప్పి, కిందకి దిగి నా అరచేతిలో పెట్టాడు. తల కింద ఉండాల్సిన రబ్బరు వాషరు పెళుసుబారి నాలుగు ముక్కలైంది. మెడ దగ్గర తుప్పు. "ఇది రబ్బరు కాదు బాబూ, ప్లాస్టిక్కు. ఎండకి బిస్కెట్టులాగ అయిపోనాది" అన్నాడు. మంచి స్క్రూకి ఈపీడీఎం అనే ఒక రకం కృత్రిమ రబ్బరు వాషరు ఉంటుంది, ఏళ్ల తరబడి ఎండని తట్టుకుంటుంది. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. గోరుతో నొక్కితే మంచిది మెత్తగా దిగి మళ్లీ లేస్తుంది. ఈ పరీక్షకి పావు నిమిషం పట్టదు. ఆ రోజు, బిగించేముందు, నేను ఆ డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కటి తీసి చూసి ఉంటే సరిపోయేది.

ఆయన చెప్పిన మిగతావి కూడా నాకు కొత్తే. రేకు రోజూ కదులుతుంది. మధ్యాహ్నం ఎండకి, తెల్లవారుజాము చల్లదనానికి మధ్య ఐదు మీటర్ల రేకు రెండు మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకుంటుంది. ప్రతి స్క్రూ దగ్గరా ఆ లాగుడు పడుతుంది. వాషరుకి సాగే గుణం ఉంటే సర్దుకుంటుంది, లేకపోతే కన్నం పెద్దదవుతుంది. పైగా మా కప్పు వేసినవాళ్లు డ్రిల్లు పూర్తి బలంతో తిప్పి బిగించారు. వాషరు నలిగి స్క్రూ తల అంచు దాటి బయటికి వచ్చేసింది. అలా వచ్చిందంటే ఎక్కువ బిగించినట్టు. ఇంకొకటి, స్క్రూలన్నీ రేకు గట్టు మీద కాకుండా నీళ్లు పారే పల్లంలో కొట్టారు. పల్లంలో కొడితే పైపుకి పట్టు గట్టిగా ఉంటుంది, పని కూడా తొందరగా అవుతుంది. కానీ పడిన ప్రతి వాన చుక్కా ఆ వాషరు మీద నుంచే పోవాలి. గులాబ్‌లో మా కప్పు కదలకుండా ఉండడానికి ఆ పట్టు కూడా ఒక కారణమేనేమో, కాబట్టి పల్లం తప్పని నేను తీర్పు చెప్పను. పల్లంలో కొట్టేటప్పుడు చవక వాషరు వాడడం మాత్రం తప్పే.

నీరు కారిన చోట కన్నం ఉండదని కూడా అప్పుడే తెలిసింది. కన్నంలోంచి దిగిన నీరు పైపు పట్టుకుని జారి, అతుకు వచ్చిన చోట కింద పడుతుంది. అమ్మ మంచం మీద పడిన నీరు దాదాపు ఆరడుగుల అవతల దిగింది. అందుకే సిలికాన్ పూసినాయన కొప్పు చుట్టూ వెతుక్కున్నాడు.

మొత్తం 780 స్క్రూలూ మార్చాం. పాత కన్నాలు సాగిపోయాయి కాబట్టి అదే కన్నంలో పట్టేలా కొంచెం లావువి, వెడల్పు వాషరువి, ఒక్కోటి 9 రూపాయలు. 7,020 అయింది. ఇద్దరు మనుషులు మూడు రోజులు, 5,400. సీలెంటుకి 1,200. పాడైన సీలింగ్ మళ్లీ చేయించడానికి 14,000. మొత్తం 27,620. మొదటే మంచి స్క్రూ తీసుకుని ఉంటే అదనంగా అయ్యేది 780కి ఐదేసి రూపాయలు, అంటే 3,900. స్క్రూలు బిగించే మనిషే తెచ్చుకుంటాడన్న మాటకి ఒప్పుకున్నాం, ఆ 3,900 ఎవరి జేబులో మిగిలిందో నాకు తెలుసు. డబ్బు కంటే, డెబ్బై దాటిన అమ్మ అర్ధరాత్రి ఒక్కతే మంచం లాగి బకెట్టు పెట్టుకుందన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ మార్పు తర్వాత మూడు వానాకాలాలు చూశాం. చుక్క కారలేదు. రేకు రంగు దక్షిణం వైపు కొంచెం వెలిసింది, ఎండకి, సముద్రపు గాలికి ఆ మాత్రం తప్పదు. తుప్పు ఒక్క చోటే ఉంది. వంటింటి గోడకి రేకు ఆనిన చోట సందు కనబడకుండా మేస్త్రి సిమెంటు పూశాడు. ఈ రేకు పూతలో సగానికి పైగా అల్యూమినియమే, తడి సిమెంటు దాన్ని తినేస్తుంది. అక్కడ రేకు పట్టీ మడిచి బిగించాలి, సిమెంటు తగలకూడదు. పూసిన చోట చేతి వెడల్పున పొరలు లేచింది. మిగతా కప్పంతా బాగానే ఉంది.

మళ్లీ ఇదే వేయిస్తావా అని మా బావ అడిగాడు. గోడలు గట్టివై, చేతిలో ఇంకో నాలుగైదు లక్షలు ఉండి ఉంటే శ్లాబు వేసేవాణ్ణి. అమ్మ పగలంతా ఇంట్లోనే ఉంటుంది, ఆమెకి చల్లదనం ముఖ్యం. మేం ఉన్న పరిస్థితిలో, ఆ గోడల మీద, ఆ డబ్బుతో, రేకు సరైనదేనని ఇప్పటికీ అంటాను. సముద్రానికి దూరంగా, గాలి తక్కువ ఉన్న చోట మంచి కర్ర, పెంకులు సర్దే మనిషి దొరికితే పెంకులు తీసేయొద్దనే చెప్తాను. రేకు కొంటే మాత్రం బిల్లులో 0.50 మిల్లీమీటర్లని రాసింది రంగుతో కలిపిన మందమా, లోపలి ఇనుము మందమా అడగండి. స్క్రూలు మీరే కొనండి, కొనే ముందు గోరుతో నొక్కి చూడండి.

వంటింటి వైపు తుప్పు పట్టిన రెండు రేకులు ఈ వేసవిలో మార్చాలి. మొన్న ఒకతనికి ఫోన్ చేస్తే "ఎన్ని అడుగులు సార్?" అన్నాడు. నేను అడుగులు చెప్పలేదు, టేపు తీసుకుని ఇంటికి రమ్మన్నాను. స్క్రూలు అమ్మ బీరువాలో రేకు డబ్బాలో ఉన్నాయి, అప్పుడు మిగిలిన 40.