హోంవర్కు, ట్యూషను, ఖాళీ సాయంత్రం: పర్లాకిమిడి ఇళ్లలో ఏది మేలు?

ఒడిశాలో మా పర్లాకిమిడి పొలిమేర దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అటు తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మాయి ఇటు కోడలిగా వస్తుంది. ఆమె కొడుకు ఒడియా బడికి వెళ్తాడు. సాయంత్రం వాడు లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెడితే, భాగహారం బాగానే వచ్చిన ఆ తల్లికి ప్రశ్న చదవడం రాదు. "మీ నాన్నొచ్చేక అడుగమ్మా" అంటుంది. నాన్న కొట్టు కట్టేసి వచ్చేసరికి వాడు కునికిపాట్లు పడుతుంటాడు. హోంవర్కు ఉండాలా వద్దా అని వాదించుకునే ముందు, దాన్ని ఇంట్లో చేయించేదెవరో తేల్చుకోవాలి.

చాలా ఇళ్లలో దీనికి దొరికిన జవాబు ట్యూషను. నా లెక్కలో అన్నింట్లోకీ నాసిరకం ఇదే. బడిలో ఇచ్చిన ప్రశ్నలకు ట్యూషనక్క జవాబులు చెబుతుంది, పిల్లాడు ఎక్కించుకుంటాడు, మర్నాడు మాస్టారు ఎర్ర సిరాతో టిక్కు పెడతారు. హోంవర్కు వల్ల టీచరుకు ముఖ్యంగా తెలియాల్సింది పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో. పుస్తకం నిండా తప్పుల్లేని జవాబులుంటే అది తెలిసే దారేది? పైగా నెల తిరిగేసరికి ఫీజు.

ట్యూషను లేకుండా, పిల్లాడే కూర్చుని రాసుకునే హోంవర్కు సంగతి వేరు. తెలుగు ఇంట్లో ఒడియా అక్షరం కనబడేది తక్కువ. అందుకే రోజూ నాలుగైదు వాక్యాల చూచిరాతను నేను కాదనను, చెయ్యి తిరుగుతుంది. అదే పాఠం వెనకున్న ప్రశ్నజవాబులను మూడేసి సార్లు రాసుకు రమ్మంటే మాత్రం అరిగేది పెన్సిలే.

ఎంత ఇవ్వాలన్నదానికి కొలత లేకపోలేదు. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి వరకు హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట. వారానికి రెండు గంటలు! మన దగ్గర కొన్ని ప్రైవేటు బళ్లు అది ఒక్క రోజులోనే చెల్లించేస్తాయి. అంతకు ముందే, 1993లో, పిల్లల చదువు బరువుపై కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ ప్రాథమిక తరగతుల్లో హోంవర్కు వద్దని, ఇస్తే ఇంటి పరిసరాలను పరిశీలించే పనులు ఇవ్వమని చెప్పింది. అమెరికాలో హారిస్ కూపర్ బృందం 2006లో పాత పరిశోధనలను కలిపి చూస్తే, హోంవర్కుకూ మార్కులకూ సంబంధం ఏడో తరగతి నుంచి పైన గట్టిగా, కింది తరగతుల్లో బలహీనంగా కనిపించింది.

అలాగని పూర్తిగా మానేస్తే? సాయంత్రం ఆటకు పోతే సంతోషమే. పోయేది ఎక్కువగా ఫోనుకే. ఇంకో నష్టం కూడా ఉంది: ఒడియా బడిలో తెలుగు అక్షరాలు నేర్పేవారు లేకపోతే, ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోకపోతే, పిల్లాడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఆ వసతి మన వీధి దాకా రానప్పుడు ఆ పావుగంట ఇంట్లోనే దొరకాలి.

యశ్‌పాల్ కమిటీ చెప్పిన రకం పని మన ఇళ్లకు చక్కగా కుదురుతుంది. నానమ్మ బియ్యం కొలిచేటప్పుడు పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టండి. పాత కొలతల్లో మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు.

"మరి సోలంటే మానికలో ఎంతరా?"

వేళ్లు ముడిచి, మళ్లీ గిన్నెలో పోసి చూసి, "నాలుగో వంతు" అంటాడు. బడిలో భిన్నాల పాఠం వచ్చేసరికి వాడికది పాత చుట్టమే. ఇలాంటి పనికి తల్లికి ఒడియా రానక్కర్లేదు, ట్యూషనూ అక్కర్లేదు. ఎవరు ఎంత చేశారో టీచరు దిద్దలేరన్న ఇబ్బంది ఉంది గానీ, మర్నాడు క్లాసులో రెండు ప్రశ్నలడిగితే తెలిసిపోతుంది.

కాబట్టి ఐదో తరగతి దాకా నా ఓటు ఇంటి పనులకీ, తోడుగా ఆ కాస్త చూచిరాతకీ, పావుగంట తెలుగుకీ. ఏడు దాటాక మాత్రం రాసి తీరాలి. లెక్కలు చేతికి రావాలన్నా, ఒడియా మీడియం పిల్లలు పదో తరగతి బోర్డు పరీక్షలో టైముకి పేపరు పూర్తి చేయాలన్నా అభ్యాసం కావాలి. అప్పటికి ప్రశ్న చదివి పెట్టడానికి వాడికి అమ్మతో పని ఉండదు.