తిరుపతి నర్సరీల్లో దొరికే హైడ్రాంజియా: కొనేముందు

మొక్క కొనొచ్చు, కానీ షాపులో ఉన్న నీలం రంగు ఇంట్లోనూ అలాగే ఉంటుందనుకోకండి. మట్టి పీహెచ్ (పులుపు-క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తక్కువుంటే అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది, పూలు నీలంగా విచ్చుకుంటాయి. 6.5 దాటితే గులాబీ రంగే. బోరు నీళ్లు పోసే ఇళ్లలో జరిగేది ఇదే. బిందె లోపల తెల్లటి పొర కట్టే నీళ్లలోని సున్నం పీహెచ్ పెంచుతుంది; అవే రోజూ పోస్తే నీలం కోసం వేసే ఏ మందూ నిలవదు. వాన నీళ్లు పట్టుకోండి. సిమెంటు కుండీ అసలు వద్దు, సున్నం ఊరుతుంది.

నీలం కావాలంటే 4 లీటర్ల నీళ్లకు 15 గ్రాముల అల్యూమినియం సల్ఫేట్ కలిపి, ముందే తడిపిన మట్టిలో పోయాలి. పొడిమట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి. మొగ్గ కనబడకముందే మొదలెట్టాలి, విచ్చిన పువ్వు మారదు. భాస్వరం ఎక్కువున్న ఎరువు వేస్తే అల్యూమినియాన్ని అది పట్టేసుకుంటుంది. తెల్ల రకాలకు ఈ తంటా అనవసరం, అవి నీలం కావు.

మన ఊళ్లో అసలు గండం ఎండ. పొద్దుటెండ చాలు, ఆ తర్వాత నీడే. మే నెల మధ్యాహ్నం ఆకులు వాలిపోగానే నీళ్లు గుమ్మరించకండి; మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి ఉంటే సాయంత్రానికి అవే లేస్తాయి. పూలు అయిపోగానే కొమ్మలు కత్తిరించండి. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.